రెండొందల ఎనభై చుక్కలు

మా రోజుల్లో ఎక్స్‌రేని క్ష-కిరణం అనేవాళ్లు. పాఠ్యపుస్తకంలో అలాగే ఉండేది, సార్లు బోర్డు మీద అలాగే రాసేవాళ్లు, మేమూ పరీక్షల్లో అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాం. 'క్ష' పలకాలంటే నాలుక ఒక్క క్షణం ఆగి సర్దుకోవాలి. అలా ఆగి పలికాం కాబట్టే ఆ మాట మాకు గుర్తుండిపోయింది. ఇప్పుడు సూరత్‌లో మా లింబాయత్ గల్లీ పిల్లల్లో ఎవర్ని అడిగినా ఎక్స్‌రే అంటే దవాఖానాలో ఛాతీకి తీసే ఫోటో అంటారు. అంతే. ఆకాశం నుంచి కూడా అవే కిరణాలు వస్తున్నాయిరా, మన భూమి పుట్టకముందే బయల్దేరినవి ఇప్పుడు, ఈ నిమిషాన, మన నెత్తి మీద గాలిపొర దాకా వచ్చి అక్కడ ఆగిపోతున్నాయిరా అని చెప్తే, "అవునా సార్" అని మళ్లీ ఫోన్లోకి తల దించుతారు.

ఆ 'అవునా' వింటే నాకు కడుపులో మంట. తెలియక అడిగినవాడికి పదిసార్లైనా చెప్తాను, విసుక్కోను. ముప్పై ఏళ్లు అదే పని చేశాను. కానీ చెప్పిన మాట చెవి దాటి లోపలికి పోకపోతే చెప్పేవాడి ప్రాణం ఉసూరుమంటుంది.

నేను సూరత్‌కి వచ్చింది 1974లో. మాది సిరిసిల్ల పక్క పల్లె, పద్మశాలీలం. టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి రెండేళ్లు ఎదురుచూసినా ఉద్యోగం రాలేదు. బాపు అప్పటికే ఇక్కడ సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతున్నాడు. "ఖాళీగ కూసుంటే ఎవడు పెడ్తడు, రా" అని ఉత్తరం రాయించాడు. వచ్చి ఆరేళ్లు ఖాతాలో, అంటే మగ్గాల కార్ఖానాలో, రాత్రి పాళీ చేశాను. రాత్రి ఎనిమిదికి లోపలికి పోతే పొద్దున ఎనిమిదికి బయటికి. పన్నెండు గంటలు నాలుగు సాంచెల మధ్య నిలబడి ఎక్కడ పోగు తెగుతుందో చూస్తూ ఉండటమే పని. ఆ చప్పుడులో పక్కవాడి మాట కూడా వినపడదు, కళ్లే పనిచేయాలి. తర్వాత కార్పొరేషన్ తెలుగు బడిలో ఉద్యోగం వచ్చింది. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగులో కూడా పిల్లలకు చదువు చెప్పించే ఊరు ఇది. ఆ ఒక్క విషయానికి సూరత్‌కి నేను బతికినంతకాలం రుణపడి ఉంటాను. రిటైరయ్యేదాకా సైన్సు చెప్పాను.

బాపు దగ్గర ఒక ఇత్తడి లెన్సు ఉండేది. మూడు మడతలుగా మడిస్తే అగ్గిపెట్టెకన్నా చిన్నది. విప్పి బట్ట మీద నిలబెడితే కింద అంగుళం చదరపు కిటికీ, పైన అద్దం. ఒంటికన్ను ఆనించి, సూదిమొనతో ఒక్కో పోగునూ పక్కకు జరుపుతూ అంగుళంలో పడుగు ఎన్ని, పేక ఎన్ని అని లెక్కపెట్టేవాడు. మధ్యలో ఎవరైనా పలకరించి లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి. ఇంత ఉంటుందిలే అని అంచనా చెప్పడం ఆయనకు చేతకాదు. "లెక్కవెట్టకుంటే చూసినట్టు గాదు" అనేవాడు. ఆ లెన్సు ఇప్పుడు నా దగ్గరుంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

1975 ఏప్రిల్ 19న ఆర్యభట్ట పైకి పోయింది. మన మొదటి ఉపగ్రహం, సోవియట్ గడ్డ మీద నుంచి, వాళ్ల రాకెట్ మీద. ఖాతా బయట చాయ్ బండి దగ్గర రేడియోలో విన్నాను. అందులో ఏం పెట్టి పంపారో చాలామందికి ఈనాటికీ తెలియదు. ఆకాశం నుంచి వచ్చే ఎక్స్ కిరణాల్ని కొలిచే పరికరం అందులో ఉంది. నాలుగైదు రోజులకే కరెంటు సరఫరాలో లోపం వచ్చి ప్రయోగాలు ఆగిపోయాయి. ఆ సంగతి తెలిసిన రాత్రి నాకు పనిలో చేయి ఆడలేదు. తర్వాత రెండు రూపాయల నోటు వెనక ఆర్యభట్ట బొమ్మ వేశారు. వారం కూలిలో ఆ నోటు వస్తే ఖర్చుపెట్టకుండా దాచేవాణ్ణి. బడిలో చేరాక ప్రతి ఏడాదీ ఆకాశం పాఠం ఆ నోటుతోనే మొదలుపెట్టాను. పిల్లలు ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని, దీపం వైపు ఎత్తి, వేలితో తడిమి చూసేవాళ్లు. కూలి డబ్బుల్లో ఉపగ్రహం ఉండటం వాళ్లకు ఆశ్చర్యం. 2016లో రెండు వేల నోటు మీద మంగళయాన్ వేశారు. కానీ ఆ నోటు మా ఇళ్లలోకి వచ్చిందీ తక్కువే, ఉన్నదీ తక్కువే. ఇప్పుడు ఏ నోటూ చేతిలోకి రాదు, ఫోన్ చూపిస్తే డబ్బులు పోతాయి. ఇక పిల్లవాడు దేన్ని తడిమి చూస్తాడు?

ఆర్యభట్టను కట్టించిన యు.ఆర్. రావు గారు అంతకుముందు మన గుజరాత్‌లోనే, అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీలో పనిచేశారు. 1947లో విక్రమ్ సారాభాయ్ పెట్టిన సంస్థ అది. 1960ల చివర్లో ఆయన బృందం తుంబా నుంచి రాకెట్లలో ఎక్స్ కిరణాల పరికరాలు పంపింది. సూరత్‌లో రైలెక్కితే నాలుగు గంటల్లో అహ్మదాబాద్. ఇంత దగ్గర జరిగిన పని ఇక్కడి బడిపిల్లల్లో ఒక్కడికీ తెలియకపోవడం నాకు అవమానంగా ఉంటుంది.

మన తెలుగుగడ్డ సంగతి అంతకన్నా గొప్పది. టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1968లోనే హైదరాబాద్ నుంచి బెలూన్ ఎగరేసి, వృశ్చికరాశిలో ఉన్న ఎక్స్ కిరణాల మూలాన్ని చూశారు. హైదరాబాదే ఎందుకంటే, భూమి అయస్కాంత మధ్యరేఖ ఆ దిక్కుకు దగ్గర. అంతరిక్షం నుంచి ఎడతెగకుండా పడే విశ్వకిరణాల్ని అక్కడ భూమి అయస్కాంతం ఎక్కువగా తిప్పికొడుతుంది. ఆ రొద తగ్గితే సన్నని సంకేతం వినపడుతుంది. సాంచెల చప్పుడులో పనిచేసినవాణ్ణి, ఆ మాట నాకు వేరే వివరించక్కర్లేదు. బెలూన్ నలభై కిలోమీటర్ల దాకా పోయి, పని అయ్యాక పరికరాల పెట్టె పారాచూట్ మీద ఎక్కడో పొలాల్లో దిగేది. ఫలానా జిల్లాల్లో దిగొచ్చు, ఎవరూ విప్పకండి, పోలీసులకు చెప్పండి అని పత్రికల్లో ప్రకటన వేస్తారు. సెలవులకు ఊరికి పోయినప్పుడల్లా నేను చేలగట్ల మీద తల పైకెత్తుకునే నడిచాను. ఒక్కసారీ కనపడలేదు. చూసిన లెక్కలోకి రాకపోయినా తల ఎత్తడం మాత్రం అలవాటైంది.

అయితే బెలూన్‌కి అందేవి పదునైన ఎక్స్ కిరణాలు మాత్రమే. మెత్తని కిరణాలు అంతదాకా కూడా దిగిరావు. మన మీద ఉన్న గాలి బరువు పది మీటర్ల లోతు నీళ్ల బరువంత, అది వాటిని పైనే మింగేస్తుంది. దూరపు గెలాక్సీల గుంపుల నుంచి మనకు కావలసినవి ఆ మెత్తని కిరణాలే. అందుకే ఉపగ్రహం కావలసి వచ్చింది.

ఇప్పటివాళ్లకు ఈ మొదలు తెలియదు, తెలియాలి. 1962 జూన్‌లో రికార్డో జియాకోని బృందం అమెరికాలో చిన్న రాకెట్ ఒకటి పంపింది. అది గాలిని దాటి పైన ఉన్నది ఆరు నిమిషాలైనా లేదు. ఆ కాసేపట్లోనే సూర్యుడు కాక ఆకాశంలో ఇంకొకటి ఎక్స్ కిరణాలు వెదజల్లుతోందని తేలింది. హైదరాబాద్ బెలూన్ తర్వాత చూసింది దాన్నే. నలభై ఏళ్లకు, 2002లో, జియాకోనికి నోబెల్ ఇచ్చారు. 1970 డిసెంబర్ 12న కెన్యా తీరంలో సముద్రం మీద కట్టిన మంచె నుంచి ఉహురు అనే ఉపగ్రహం పైకి పోయింది. అది కెన్యా స్వాతంత్ర్య దినం, ఉహురు అంటే స్వాహిలీలో స్వేచ్ఛ. ఆ ఉపగ్రహం ఆకాశమంతా గాలించి పట్టిన మూలాలు, ఆఖరి పట్టిక ప్రకారం, 339. ఆకాశం మొత్తానికి 339! ఆ అంకె నేను ఏటా బోర్డు మీద రాసేవాణ్ణి. ఆ పట్టికలో కన్యారాశిలోని గుంపు ఉంది, కోమా ఉంది, పెర్సియస్ ఉంది. నక్షత్రాలైతే చుక్కల్లా తగలాలి. ఇవి చుక్కల్లా లేవు, మసకగా పరుచుకుని ఉన్నాయి.

ఎందుకు పరుచుకుని ఉన్నాయో చెప్పేటప్పుడు పిల్లల్ని బడి మిద్దె ఎక్కించేవాణ్ణి. అక్కణ్నుంచి చీకట్లో చూస్తే దీపాలన్నీ ఒకేచోట గుమిగూడినట్టు కనపడతాయి. నిజానికి ఒకటి మన గల్లీది, ఒకటి మూడు గల్లీల అవతలిది, ఇంకొకటి ఉధ్నా వైపుది. కంటికి అన్నీ పక్కపక్కనే. కానీ ఒకచోట పెద్ద గుండిగల మీంచి ఆవిరి లేస్తోందనుకోండి, అక్కడ పెళ్లి జరుగుతోంది, ఆ దీపాల కిందివాళ్లంతా ఒక్క పందిట్లో ఉన్నారని చూడకుండానే చెప్పొచ్చు. గెలాక్సీల గుంపుల సంగతీ అంతే. జార్జ్ ఏబెల్ అనే ఆయన పాలోమార్ కొండ మీద తీసిన ఫోటో పలకల్ని కళ్లతో గాలించి 1958లో 2,712 గుంపుల జాబితా వేశాడు. అంత పనీ కళ్లతోనే చేశాడని మళ్లీ చెప్తున్నాను. అయినా వాటిలో కొన్ని ఒకదాని వెనక ఒకటి ఉండి మనకు గుంపులా కనపడినవి కావచ్చు. ఎక్స్ కిరణాలు ఆ అనుమానం తీరుస్తాయి. నిజమైన గుంపులో గెలాక్సీల మధ్య ఖాళీ అంతా వాయువు నిండి ఉంటుంది. గుంపు ఆకర్షణకు అది లోపలికి పడి కోటి నుంచి పది కోట్ల డిగ్రీల దాకా కాగి, ఎక్స్ కిరణాలు వదులుతుంది. ఆవిరి ఉందంటే పెళ్లి ఉన్నట్టే.

ఆ వాయువు ఎంత పలచనంటే, సగటున లీటరు సీసాలో ఒక్క రేణువు ఉంటే ఎక్కువ. కానీ లక్షల కాంతి సంవత్సరాల మేర పరుచుకుంది కాబట్టి మొత్తం తూకం వేస్తే ఆ గుంపులోని నక్షత్రాలన్నిటి బరువుకన్నా అదే ఎక్కువ. 1976లో పెర్సియస్ గుంపు వాయువులో ఇనుము జాడ దొరికింది. సూర్యుడిలో ఉన్న పాళ్లలో మూడోవంతు. ఇనుము నక్షత్రాల లోపల తయారయ్యే సరుకు. అంటే ఎన్నో నక్షత్రాలు పేలి, వాటి బూడిద గెలాక్సీలు దాటి బయటికొచ్చి ఆ ఆవిరిలో కలిసిందన్నమాట. ఈ పాఠం చెప్పిన రోజు క్లాసులో గుసగుస కూడా వినపడేది కాదు.

ఇక నా మనసులో ఉన్న అసలు కథ 2005లోది. యూరప్ వాళ్ల ఎక్స్‌ఎంఎం-న్యూటన్ దుర్భిణి, 1999 డిసెంబర్‌లో పైకి పోయినది, దగ్గర్లోని ఎన్‌జీసీ 7314 అనే గెలాక్సీని చూస్తూ ఒక ఫోటో తీసింది. ఎవరో వేరే పనికి తీయించుకున్నది. అది భాండాగారంలో పడి ఉంది. ఇంకొక బృందం ఆ పాత ఫోటోల అంచుల్ని ఓపికగా వెతుకుతుంటే, ఒక మూలన మసక మరక కనపడింది. చుక్క కాదు, పరుచుకున్న మరక. అదే చోట మామూలు ఫోటోలు చూస్తే ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే వాళ్లను ఆశపెట్టింది. అక్కడ గుంపు ఉండీ కనపడటం లేదంటే అది చాలా దూరాన ఉండాలి. చిలీలోని పెద్ద దుర్భిణితో ఆ చోటున ఉన్న డజను గెలాక్సీల కాంతిని విడగొట్టి దూరం తేల్చారు. 900 కోట్ల కాంతి సంవత్సరాలు. అప్పటికి తెలిసిన ఎక్స్ కిరణాల గుంపుల్లో అంత దూరానిది లేదు. భూమి వయసు 450 కోట్ల ఏళ్లు. అంటే భూమి పుట్టడానికి ఎంతకాలం ముందు బయల్దేరిందో, పుట్టాక కూడా అంతకాలం నడిచి వచ్చింది ఆ వెలుగు.

పన్నెండు గంటల పైచిలుకు చూస్తే ఆ గుంపు నుంచి దుర్భిణికి అందిన ఎక్స్ కిరణ రేణువులు, వాటినే ఫోటాన్లంటారు, సుమారు 280. కోట్లూ లక్షలూ కావు. రెండొందల ఎనభై. గంటకు ఇరవై రెండో ఇరవై మూడో. ఆ వార్త చదివినప్పుడు ఖాతాలో నా పన్నెండు గంటల పాళీ గుర్తొచ్చింది. నాలుగు సాంచెలు ఆ సమయంలో కొట్టే పేకపోగుల్ని లెక్కపెట్టేవాడు లేడు. వీళ్లు పన్నెండు గంటలకు 280 పోగులు దొరికితే వాటితో ఒక గుంపు ఉందని, అది బాగా వేడిగా ఉందని నేసి చూపించారు. ఇదీ పనితనం అంటే. అప్పుడే దాని పేరు నేను కాగితం మీద రాసుకుని గోడకు అంటించాను. ఎక్స్‌ఎంఎంయు జె2235.3-2557. పలకడానికి అందంగా ఉండదు. కానీ మా బంధువు ఒకడి చిరునామాలా నాకు నోటికి వచ్చు.

ఇప్పుడెలా ఉందో చూడండి. జర్మన్‌ల ఇరోసిటా దుర్భిణి 2019 జూలైలో బైకనూర్ నుంచి రష్యా ఉపగ్రహంలో పైకి పోయింది. దాని మొదటి ఆరునెలల గాలింపు ఫలితాలు 2024 జనవరి 31న బయటపెట్టారు. సగం ఆకాశంలోనే దాదాపు 9 లక్షల మూలాలు. వాటిలో గెలాక్సీల గుంపులు 12 వేలకు పైన. నా 339 ఎక్కడ, ఈ 9 లక్షలు ఎక్కడ! అందులో ఐదువేల పైచిలుకు గుంపుల్ని దూరాలవారీగా, బరువులవారీగా పేర్చి, విశ్వంలో పదార్థం పాళ్లెంత, అది ఎంత తొందరగా ముద్దలు కట్టింది అని లెక్క తేల్చారు. ఆ లెక్కకు పది గుంపులు చాలవు, వేలు కావాలి. ఇది నేను ఒప్పుకుంటాను, చేతులెత్తి ఒప్పుకుంటాను. మా రోజుల్లో చేయలేనిది వీళ్లు చేశారు.

నా బాధ వేరు. ఆ పన్నెండు వేలలో ఒక్కదాని పేరైనా చెప్పగల పిల్లవాడు నాకు ఇంతవరకు దొరకలేదు. మా రోజుల్లో కోమా అంటే కోమా, పెర్సియస్ అంటే పెర్సియస్. ఒక్కొక్కటీ ఎవరు చూశారు, ఏ ఉపగ్రహం పట్టింది, ఎంత వేడి అని చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు ఎన్ని దొరికాయో తెలుసు, ఏది దొరికిందో తెలియదు. మొదట లింబాయత్‌కి వచ్చిన మనవాళ్లు కూడా కొద్దిమందే. ఎవరిది ఏ ఊరు, ఎవరి బిడ్డను ఎవరికిచ్చారు అన్నీ తెలిసేది. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ దిగిన మనిషి చేతిలో చీటీ లేకపోయినా ఇల్లు చేరేవాడు.

ఇరోసిటా సంగతిలో ఇంకో మాట అనకుండా ఉండలేను. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం మొదలవగానే రష్యాతో సహకారం ఆపేసి, ఆ దుర్భిణిని నిద్రపుచ్చారు. ఎనిమిదిసార్లు ఆకాశం గాలించాల్సింది ఐదోసారి మధ్యలో ఆగింది. నింగిలో ఉన్నది ఉన్నట్టే ఉంది, కళ్లు మూసుకుని. మా రోజుల్లో మనకు రాకెట్ లేకపోతే పరాయి దేశం తన రాకెట్ మీద మన ఆర్యభట్టను ఎక్కించుకుని పోయింది. ఇప్పుడు ఒకరి ఉపగ్రహంలో ఇంకొకరి దుర్భిణి ఉండి కూడా చూపు ఆగిపోయింది. 900 కోట్ల ఏళ్లు నడిచొచ్చిన వెలుగు మూసిన తలుపుకు తగిలి పోతోందంటే నాకు నిజంగా కన్నీళ్లొస్తాయి.

అమెరికా వాళ్ల చంద్ర దుర్భిణికీ ఇలాంటి గండమే వచ్చింది. 1999 జూలైలో పైకి పోయిన దానికి మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టారు. పేరు కోసం పోటీ పెడితే వేల ఉత్తరాలు వచ్చాయి, గెలిచినవాళ్లు ఇద్దరు: ఒక హైస్కూలు పిల్లవాడు, ఒక టీచరమ్మ. ఈ మాట చెప్పినప్పుడు మా పిల్లలు నిటారుగా కూర్చునేవాళ్లు. చంద్ర అద్దాల గురించి వరాఛాలో వజ్రాలు సానపట్టే కుర్రాళ్లకు చెప్తే వెంటనే అర్థమైంది. ఎక్స్ కిరణం అద్దానికి ఎదురుగా తగిలితే లోపలికి దూరిపోతుంది. తాపీ నదిలో పెంకు ఏటవాలుగా విసిరితే నీళ్ల మీద ఎగురుతూ పోయినట్టు, అద్దాన్ని రాసుకుంటూ పోతేనే మళ్లుతుంది. అందుకే ఆ అద్దాలు గిన్నెల్లా ఉండవు, ఒకదాంట్లో ఒకటి దూర్చిన పీపాల్లా ఉంటాయి. లోపలి ముఖం కొన్ని పరమాణువుల ఎత్తుకు మించి గరుకు లేకుండా సానపట్టారు. "అంత నునుపు మా సానపట్టే ఘంటీ మీద రాదు మాస్టర్" అన్నాడు ఒక కుర్రాడు. పని తెలిసినవాడు పనిని గౌరవిస్తాడు. 2024లో ఆ చంద్ర ఖర్చుకు పెద్ద కోత పెట్టాలని ప్రతిపాదించారు. ప్రపంచమంతా శాస్త్రవేత్తలు గొడవకు దిగారు. నేనైతే బాగా నడుస్తున్న సాంచెను ఆపే సేఠ్‌ని ఈ ఊళ్లో ఎక్కడా చూడలేదు.

రంగుల సంగతి ఇంకొకటి. ఇప్పుడు ఫోన్లో వచ్చే ప్రతి గుంపు ఫోటో ఊదాగా, గులాబీగా, పెళ్లికూతురి చీరలా ఉంటుంది. పిల్లలు ఆకాశంలో ఆ రంగే ఉందనుకుంటారు. ఎక్స్ కిరణానికి మన కంటి రంగు లేదు. అది చూపడానికి మనుషులు అద్దిన అద్దకం. అద్దకం తప్పు కాదు, అద్దకమని చెప్పకపోవడం తప్పు. పెర్సియస్ గుంపులో నడిమి కృష్ణబిలం వాయువును తోస్తుంటే శబ్దతరంగాలు పుడుతున్నాయని 2003లో చంద్ర ఫోటోల్లో కనిపెట్టారు. ఒక్క అల దాటడానికి దాదాపు కోటి ఏళ్లు పడుతుంది. మనిషి చెవికి వినపడాలంటే 57, 58 అష్టకాలు పైకి జరపాలి. 2022లో నాసా అలా జరిపి వినిపించింది. మా కులసంఘం వాట్సాప్‌లో అది ఓంకారం పేరుతో వచ్చింది. ఒక అల దాటేలోపు కోటి ఏళ్లు గడిచిపోవడం చాలదా? అంతకన్నా గొప్ప మాట ఇంకేం కావాలి దానికి?

మనవాళ్లు చేసిన పనికి మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ పోయింది. దాంట్లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కట్టిన మెత్తని ఎక్స్ కిరణాల దుర్భిణి ఉంది. బంగారు పూత రేకుల్ని పొరలు పొరలుగా పేర్చి చేసిన అద్దం దానిది. అప్పటికి నలభై ఏళ్ల కింద ఆర్యభట్టలో నాలుగైదు రోజులకే ఆగిపోయిన పని మన రాకెట్ మీద, మన తెలుగు తీరం నుంచి ముందుకు సాగింది. 2017లో పుణె ఐయూకా శాస్త్రవేత్తలు, జయదీప్ బాగ్చీ బృందం, మీనరాశి దిక్కున 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో నలభైకి పైగా గుంపులు ఒక్క గొడుగు కింద ఉన్న మహాగుంపును కనిపెట్టి సరస్వతి అని పేరు పెట్టారు. ఆ వార్త వచ్చిన రోజు మిఠాయి కొని గల్లీలో పంచాను. ఎవరింట్లో పెళ్లి కుదిరిందని అడిగారు. సరస్వతి దొరికింది అన్నాను.

మొన్న ఎండాకాలం సెలవుల్లో నా మనవరాలు, పదకొండో తరగతి సైన్సు, గోడ మీద కాగితం చూసి ఆ చిరునామా ఏంది తాతా అని అడిగింది. చెప్పాను. అరగంటలో కంప్యూటర్‌లో వెతికి, ఎక్స్‌ఎంఎం భాండాగారం నుంచి ఆ పాత ఫోటోనే దింపుకుంది. పైసా ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మా రోజుల్లో ఇలాంటిది ఒకటి చేతికొస్తే ఏడాది పండగ చేసుకునేవాళ్లం. "చూసినవా, అయిపాయె" అని అది తెర మూసెయ్యబోయింది. అయిపోలేదు బిడ్డా అన్నాను. రంగులన్నీ తీసేయించి, ఆ మూల ఒక్కటే పెద్దగా చేయించి, జిరాక్స్ షాపులో తెల్లకాగితం మీద నల్లచుక్కలుగా అచ్చు తీయించాను. బాపు లెన్సు తీసి చేతికిచ్చాను.

మిద్దె మీద, పొద్దుగూకే వేళ, మరక చుట్టూ గాజు పెట్టి పెన్సిల్‌తో సున్నా చుట్టింది. లెన్సు కిటికీలో ఒక్కో చుక్కకూ టిక్కు కొడుతూ పోయింది. ఒకసారి లెక్క తప్పింది, మొదటినుంచి మొదలుపెట్టింది. వాళ్లమ్మ కింద నుంచి అన్నానికి రెండుసార్లు పిలిచింది. కాసేపటికి తల ఎత్తి, "తాతా, సున్నా బయట గూడ చుక్కలున్నయి గదా. లోపలున్న వాట్ల గుంపువేవి, ఉత్తవేవి?" అంది.

ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఈ ప్రశ్న నన్ను ఒక్కరూ అడగలేదు. ఏదీ వేలు పెట్టి చూపలేం బిడ్డా అన్నాను. ఏ చుక్క 900 కోట్ల ఏళ్ల నుంచి వచ్చిందో, ఏది దారినపోయే రొదో ఎవరూ చెప్పలేరు. మరక లేని చోట అదే గాజు పెట్టి ఇంకో సున్నా చుట్టి, దాంట్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, దీంట్లోంచి తీసేస్తే మిగిలేదే గుంపు వాటా.

"ఖాళీ దాన్ని గూడ లెక్కవెట్టాల్నా?"

"దాన్నే ముందు లెక్కవెట్టాలె."

చీకటి పడింది. కింద వీధిదీపాలు వెలిగాయి, వాటి మీద ఆకాశం తెల్లబడింది. నేను టార్చి పట్టుకున్నాను. అది గాజు తీసి కాగితం మీద ఏమీ లేని చోట పెట్టి, జాగ్రత్తగా గీసి, మొదటి చుక్క మీదికి లెన్సు జరిపింది.